వెదురుకు గింజా, పిలకా? తెగని పంచాయితీ

వెదురు వేద్దామనుకున్నవాళ్లకు దారులు నాలుగున్నాయి. గింజ చల్లొచ్చు. పాత పొద నుంచి దుంపతో సహా పిలక తవ్వి తెచ్చుకోవచ్చు. కణుపు ముక్క పాతుకోవచ్చు. డబ్బు పెట్టగలిగితే టిష్యూ కల్చర్ మొక్క కొనుక్కోవచ్చు. మామిడి విషయంలో ఇలాంటి ప్రశ్న ఎప్పుడో తెగిపోయింది. టెంక మొక్కలతో తోట వేసే రైతు ఇవాళ కనిపించడు. వెదురు దగ్గరికొచ్చేసరికి మాత్రం అటవీ అధికారులది ఒక మాట, వృక్షశాస్త్రజ్ఞులది ఒక మాట, నర్సరీల వాళ్లది మరో మాట. 2017 చివర్లో కేంద్రం 1927 నాటి అటవీ చట్టంలోని ‘చెట్టు’ నిర్వచనం నుంచి వెదురును తీసేసింది. అడవి బయట పెంచిన వెదురును కొట్టుకోవడానికీ తరలించుకోవడానికీ ఆ చట్టం అడ్డు తొలగింది. అప్పటి నుంచి ఈ చర్చ పొలాల్లోకీ పెరళ్లలోకీ కూడా వచ్చి పడింది.

ఇంతగా చిక్కుపడటానికి కారణం ఒక్కొక్కరు ఒక్కో లెక్క వేయడమే. అటవీ శాఖ చూసేది హెక్టారుకు ఎన్ని టన్నులని. రాజమండ్రి, సిర్పూర్ కాగితపు మిల్లులు అడవి వెదురు మీద నడిచిన రోజుల నుంచీ ఉన్న లెక్క అది. నర్సరీ వాళ్లకు ఏడాది పొడవునా ఒకే రకం మొక్క చేతిలో ఉండాలి. పెరట్లో పెంచుకునేవాళ్లకు ఖర్చు, చోటు, ఓపిక. ఈ మూడింటి మధ్యా నలిగిపోతున్న నాలుగో లెక్క మొక్క వయసు. గింజా పిలకా అన్న తగువును అసలు తేల్చాల్సింది దాన్ని బట్టేనని ఈ వ్యాసం వాదన.

గింజ ఎప్పుడు దొరుకుతుంది?

వెదురు గడ్డి కుటుంబానికి చెందినది. చాలా జాతులు దశాబ్దాల పాటు ఆకూ బొంగూ తప్ప పువ్వన్నది చూపించవు. పూసిన ఏడాది మాత్రం ఆకు రాల్చేసి, నిలువెల్లా పూత పట్టి, గింజ దులిపేసి, పొదకు పొద ఎండిపోతుంది. అలా పూసిన పొద బొంగు పెళుసెక్కి, బుట్టల పనికి అంతగా పనికిరాదు.

తెలుగు నేల మీద ముఖ్యంగా కనిపించేవి రెండు జాతులు. ఒకటి ముళ్ల వెదురు, శాస్త్రీయంగా బాంబూసా బాంబోస్. రెండోది సాధనపు వెదురు, డెండ్రోకాలమస్ స్ట్రిక్టస్. పొడి నేలల్లో లోపల డొల్ల లేకుండా గట్టిగా పెరిగి లాఠీలకూ చేతికర్రలకూ పనికొచ్చేది ఇదే. గింజ విషయంలో ఈ రెండింటి తీరూ వేరు. ముళ్ల వెదురు ఒక ప్రాంతమంతా దాదాపు ఒకేసారి పూస్తుంది. డెహ్రాడూన్‌లో దీని పూత 1836లో, 1881లో, 1926లో నమోదైంది, అంటే 45 ఏళ్లకోసారి. సాధనపు వెదురు కూడా పాతిక, నలభై ఏళ్లకోసారి మూకుమ్మడిగా పూసేదే. కాకపోతే మధ్యమధ్యలో అక్కడొక పొద, ఇక్కడొక పొద విడిగా పూయడం దీనికి అలవాటు. కాబట్టి దేశంలో ఏదో ఒక మూల దీని గింజ తరచూ దొరుకుతూనే ఉంటుంది. ఇంట్లో గింజతో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇదే తొలి జాతి అని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

పూత గురించిన భయాలు గింజ కన్నా ముందు పుట్టాయి. వెదురు పూస్తే కరువన్న నమ్మకం దేశంలో చాలాచోట్ల ఉంది. మిజోరంలో దానికి నిజమైన ఆధారమే ఉంది. అక్కడి కొండల్ని కప్పేసే మెలొకానా బాక్సిఫెరా జాతి 48 ఏళ్లకోసారి పూసి కాయలు రాలుస్తుంది. అవి తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, కాయలు అయిపోగానే పొలాల మీదా గాదెల మీదా పడతాయి. దీన్నే మిజోలు మౌతామ్ అంటారు. 1958-59 మౌతామ్ తెచ్చిన కరువులో సాయం కోసం పుట్టిన సంస్థే తర్వాత మిజో నేషనల్ ఫ్రంట్ అయింది, 1966 తిరుగుబాటు దాకా వెళ్లింది. మళ్లీ 2006-08 మధ్య అదే వెదురు లెక్క తప్పకుండా పూసింది. దీనికి పూర్తిగా ఎదురు కథ ఒడిశాది. 1812లో అక్కడ వెదురు పూసి, ఆ వెదురు గింజల బియ్యమే జనాన్ని కరువు నుంచి గట్టెక్కించిందని 19వ శతాబ్దపు అటవీ గ్రంథాలు రాశాయి. పూతను శకునంగా కాక పంటగా చూస్తే, అది ఎవరి నోటికి ముందు అందుతుందన్నదే తేడా.

ఇంతకాలం ఎందుకు ఆగుతుంది?

19వ శతాబ్దంలో చాలామంది పూతకు కారణం బయట వెతికారు. వానలు లేకపోవడం, నరికివేత, నిప్పు లాంటివి. ఈ వాదాన్ని బాగా దెబ్బతీసింది చైనా, జపాన్‌లలో పెరిగే ఫైలోస్టాకిస్ బాంబుసాయిడిస్. దాని పూత గురించి 999 నుంచీ రాతలున్నాయి. సుమారు 120 ఏళ్లకోసారి పూస్తుంది. 1960ల చివర్లో జపాన్‌లో పూసినప్పుడు, అక్కడి నుంచి ఎప్పుడో వేరే దేశాలకు పట్టుకెళ్లిన మొక్కలు కూడా ఆ సమయంలోనే పూశాయి. వానా ఎండా వేరు, నేల వేరు. లెక్క మాత్రం ఒకటే. అంటే గడియారం మొక్క లోపలే ఉంది.

ఆ గడియారం అంత నెమ్మదిగా ఎందుకు నడుస్తుందన్నది మరో తగువు. 1976లో అమెరికా జీవావరణ శాస్త్రవేత్త డేనియల్ జాన్జెన్ చెప్పిన మాట ఎక్కువ మందికి నచ్చింది. ఎలుకలు, పక్షులు, పందులు ఎంత తిన్నా తరగనంత గింజను ఒక్కసారే కుమ్మరిస్తే కొంతైనా మొలకకు మిగులుతుందన్నది దాని సారం. ముందే పూసిన పొద గింజా, ఆలస్యంగా పూసిన పొద గింజా జంతువుల పాలై, కలిసి పూసినవాటి వంశమే నిలిచిందట. 1999లో పరిశోధకులు కీలీ, బాండ్ ఇంకో కోణం తెచ్చారు. చచ్చిన పొదలు అడవిలో నిప్పుకు మేతవుతాయి, ఆ నిప్పు పైన నీడ పట్టే చెట్లను కాల్చేసి వెదురు పిల్లలకు వెలుతురు తెచ్చిపెడుతుందన్నారు. 2015లో వెల్లర్, నోవాక్, డేవిస్ అనే పరిశోధకులు గణితంతో వచ్చారు. మొదట్లో చిన్నగా ఉన్న వ్యవధి రెట్టింపు, మూడు రెట్లుగా హెచ్చుతూ పోయిందనీ, అందుకే నేటి జాతుల వ్యవధులు చిన్న అంకెల గుణిజాలుగా కనిపిస్తాయనీ వాళ్ల వాదన. ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ఒకటి కలిసి పూయడం గురించి, ఒకటి చావడం గురించి, ఒకటి అంకెల గురించి మాట్లాడుతున్నాయి. మన అడవుల వరకూ చూస్తే నిప్పు సిద్ధాంతం కాస్త బలహీనం. ఇక్కడ కాలే నిప్పులో ఎక్కువ భాగం మనిషి పెట్టిందే.

పెంపకందారుకు ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటే. గడియారం గింజ మొలిచిన రోజు నుంచి నడుస్తుంది, పిలక తవ్విన రోజు నుంచి కాదు.

మూడు పక్షాలు

గింజ పక్షం వాదన అక్కడే మొదలవుతుంది. పిలక అంటే తల్లి పొదలో ఒక ముక్క, తల్లి వయసే దానిదీ. తల్లి నలభయ్యో ఏట ఉంటే, ఎంతో శ్రమపడి నాటుకున్న పిలక అయిదేళ్లకే పూసి ఎండిపోవచ్చు. నిన్నటి పూతలో రాలిన గింజకు మాత్రం ముందు మొత్తం ఆయుష్షు ఉంది. రెండో బలం చవక. సాధనపు వెదురు గింజలు కిలోకు దాదాపు 30 వేలు తూగుతాయి. మూడోది వైవిధ్యం. ఒకే పొద గింజల్లో కూడా మొక్కకూ మొక్కకూ తేడా ఉంటుంది, మంచివాటిని ఏరుకోవచ్చు.

పిలక పక్షం ఇదే వైవిధ్యాన్ని తప్పుగా ఎంచుతుంది. బొంగు మందం, ముళ్లు, వంపు ఎలా వస్తాయో గింజను చూసి చెప్పలేం. తల్లిని చూసి పిలక తెచ్చుకుంటే ఏం వస్తుందో తెలుసు. అంతకన్నా పెద్ద వాదన కాలం. పిలక నాటితే మూడు, నాలుగేళ్లలో పనికొచ్చే బొంగు మొదలవుతుంది. గింజ మొక్కకు ఆరేడేళ్లో, జాతిని బట్టి అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఈ లెక్క నిజమే. కానీ ఒక పొద నుంచి తవ్వగలిగిన పిలకలు ఏడాదికి కొన్నే. ఒక్కోటి మోయలేనంత బరువు, తవ్వితే తల్లి పొదకు దెబ్బ, నాటాక బతికేవీ అన్నీ కావు. పెరట్లో ఒక పొద చాలనుకునేవాళ్లకు ఇవేవీ అడ్డం కాదు. ఎకరాల్లో వేసేవాళ్లకు అడ్డమే.

ఇద్దరి మధ్యలో దూరే పద్ధతి ఒకటుంది. చిట్టగాంగ్‌లోని బంగ్లాదేశ్ అటవీ పరిశోధనా సంస్థలో రతన్ లాల్ బానిక్ వంటివాళ్లు దీని మీద పనిచేశారు. గింజ మొక్కకు నాలుగైదు పిలకలు రాగానే దాన్ని దుంప, వేరు, కాండం మూడూ ఉండేలా ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కనూ మళ్లీ మొక్కగా పెంచడం. గింజ దొరకని ఏళ్లలో కూడా ఒకే విడత గింజల వంశాన్ని ఇలా లాక్కురావచ్చు. ఖర్చు తక్కువ, వయసు తెలుసు, బరువు లేదు. ఇంత మంచి పద్ధతికి పెద్దగా ప్రచారం లేకపోవడానికి కారణం బహుశా ఇందులో ఎవరికీ అమ్ముకోవడానికి ఏమీ లేకపోవడమే.

టిష్యూ కల్చర్ పక్షం తరఫున ఎక్కువ మాట్లాడేది మార్కెట్. బాంబూసా బాల్కువా లాంటి లావు జాతులు పూసినా మొలిచే గింజ ఇవ్వవు. ‘భీమా’ పేరుతో చెలామణీ అయ్యే వెదురు ఈ జాతి నుంచి ఎంచినదే. దానికి గింజ దారి లేనే లేదు కాబట్టి ప్రయోగశాలే గతి. ఇక్కడ తగువు లేదు. తగువు మిగతా జాతుల దగ్గర. 1990లో పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు నడ్‌గౌడ, పరాశరామి, మస్కరెన్హాస్ ‘నేచర్’ పత్రికలో ఒక సంచలనం ప్రకటించారు. గింజ నుంచి మొలిచిన పిల్ల మొక్కల కణజాలాన్ని కొబ్బరి నీళ్లు, సైటోకైనిన్ అనే మొక్కల హార్మోన్ కలిపిన మాధ్యమంలో పెంచితే, దశాబ్దాలు ఆగాల్సిన వెదురు గాజు సీసాలోనే పూసింది, గింజ కూడా పట్టింది. గింజ కోసం ఇక నలభై ఏళ్లు ఆగక్కర్లేదని అప్పట్లో అందరూ ఆశపడ్డారు. ఆ ఆశ నర్సరీ దాకా రాలేదు. అది మిగిల్చిన ప్రశ్న మాత్రం ముఖ్యమైనది. మందులతో గడియారాన్ని ముందుకు తిప్పగలిగినప్పుడు, ప్రయోగశాలలో పుట్టిన మొక్క గడియారం సరిగ్గా ఎక్కడ ఉందో కొనేవాడికి ఎవరు చెబుతారు?

పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క ఇలా ఉంటుంది. వేగం కావాలంటే పిలక. ఒకే తీరు మొక్కలు వందల్లో కావాలంటే టిష్యూ కల్చర్. చవక, ఆయుష్షు, ఎంపిక కావాలంటే గింజ. పిలకలోనూ టిష్యూ కల్చర్‌లోనూ తల్లి పుట్టిన ఏడు తెలిస్తే సగం అనుమానాలు తీరతాయి. తెలియకపోతే రెండూ ఒకరకంగా జూదమే.

ఇంట్లో మొలిపించడం

వెదురు గింజ గురించి జనం ఎక్కువగా విన్నది వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లోని చైనా వెదురు కథ. గింజ నాటి అయిదేళ్లు నీళ్లు పోసినా మొలవదట, తర్వాత ఆరు వారాల్లో ఎనభై అడుగులు లేస్తుందట. చప్పట్లు కొట్టించడానికి బావుంటుంది కానీ, అలాంటి వెదురు లేదు. తాజా గింజ వారం, పది రోజుల్లో మొలక చూపిస్తుంది. నెల దాటినా కదలని గింజకు నీళ్లు పోయడం మట్టికి పోయడమే.

అసలు చిక్కు మొలకలో కాదు, నిల్వలో ఉంది. గింజ రాలేది సాధారణంగా ఎండాకాలంలో. మామూలు గది వేడిలో ఉంచితే కొన్ని నెలల్లోనే మొలిచే శక్తి పడిపోతుంది. బాగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే అంతకన్నా చాలా ఎక్కువకాలం నిలుస్తుంది. కాబట్టి గింజ ఇచ్చేవాళ్లను మొదట అడగాల్సింది ధర కాదు, రాలిన నెల.

సాధనపు వెదురు గింజ చిన్న గోధుమ గింజలా ఉంటుంది, ఒక కొస సన్నగా ముక్కులా సాగి. పొట్టుతోనే ఒక రోజు నీళ్లలో నానబెట్టి, తేలినవి తీసేయాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, నీరు నిలవని తొట్టెలోనో ట్రేలోనో అరంగుళం లోపు లోతున వేసి పల్చగా మట్టి కప్పితే చాలు. పైన గ్రీన్ నెట్ తప్పనిసరి, నీడ కోసం కాదు, ఎలుకల కోసం. ఎలుకా ఉడతా పిట్టా చీమా, అన్నీ ఈ గింజ కోసం వచ్చేవే. జాన్జెన్ సిద్ధాంతం నిజమో కాదో ఒక్క ట్రే గింజలతోనే తేలిపోతుంది. అడవిలోలా కుమ్మరించేంత గింజ మన దగ్గర ఉండదు కదా.

ముందు సూదిలాంటి తెల్లటి మొన పైకి వస్తుంది. అది పచ్చబడి, చుట్ట విప్పుకుని మొదటి ఆకు పరుస్తుంది. ఆ దశలో వరి నారుకూ దీనికీ తేడా పట్టడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా కష్టం. తెలియక కలుపనుకుని పీకేస్తుంటారు. కొన్ని మొలకలు పాలిపోయి తెల్లగానే వస్తాయి. వాటిలో పత్రహరితం ఉండదు, గింజలోని తిండి అయిపోగానే పోతాయి. వెదురులో ఇది మామూలే, ఎరువు వేస్తే మారేది కాదు. తడి ఎక్కువైతే మొదళ్లు కుళ్లి నారు వాలిపోతుంది. పొద్దున ఒక్కసారి సన్నగా నీళ్లు చల్లి, మట్టి పైపొర కాస్త ఆరనిస్తే ఆ బెడద తగ్గుతుంది.

నెలా రెండు నెలల్లో మొదటి కాండం పక్కనే మట్టిలోంచి రెండో కొమ్ము పొడుచుకొస్తుంది, మొదటిదానికన్నా లావుగా. వెదురు పెంపకం మర్మం అక్కడుంది. వెదురు గడ చెట్టులా ఏటా లావెక్కదు. మట్టిలోంచి వచ్చినప్పుడు ఎంత మందమో చివరిదాకా అంతే. పొద లావెక్కడమంటే కొత్త కొమ్ము పాతదానికన్నా లావుగా రావడం. ఏడాదైనా పుల్లలే ఉన్నాయని గింజ మొక్కను తిట్టుకునేవాళ్లు చూడాల్సింది ఉన్న పుల్లల్ని కాదు, వచ్చే కొమ్మును. ఆ కొమ్ములకు తిండి పెట్టేది పాత పుల్లల ఆకులే కాబట్టి, తొలి రెండేళ్లు వాటిని నరకకూడదు.

నాలుగైదు ఆకులు రాగానే నర్సరీ కవర్లలోకి మార్చి, మరుసటి ఏడు తొలకరికి నేలలో పెట్టొచ్చు. తోటగా వేసేవాళ్లు పొదకూ పొదకూ అయిదు మీటర్లు వదులుతారు. పెరట్లో ప్రహరీకీ పునాదికీ దూరంగా, పెరిగే చోటు ఉండేలా చూసుకోవాలి. డాబా మీద పెద్ద డ్రమ్ములో కూడా బతుకుతుంది. కాకపోతే దుంప గోడకు తగిలి ఆగిపోయి, గడలు సన్నగానే మిగులుతాయి. నీడకూ చూపుకూ తప్ప కోతకు రాదు.

సంచీలో ఉన్నది ఏ గింజ?

చర్చను ఎక్కువగా పాడుచేసేది ఆన్‌లైన్ ప్యాకెట్లు. పసుపు రంగు బొంగు మీద పచ్చ చారలుండే అలంకార వెదురు (బాంబూసా వల్గారిస్ రకం) పూయడమే అరుదు, గింజ పట్టదు. దాని గింజలంటూ బొమ్మ వేసి అమ్మితే లోపల ఉన్నది ఇంకేదో అనుకోవాలి. మోసో వెదురు గింజ నిజంగానే దొరుకుతుంది, మొలుస్తుంది కూడా. కానీ అది చలి ఉన్న కొండ ప్రాంతాల మొక్క. మన మైదానాల మే నెలలో నిలదొక్కుకోవడం కష్టం. వెదురు బియ్యం పేరుతో దుకాణాల్లో దొరికేది దంచి పొట్టు తీసినది, విత్తనంగా పనికిరాదు. పచ్చగా మెరిసే ‘బ్యాంబూ రైస్’ అయితే వెదురు ఆకు రసం పట్టించిన మామూలు బియ్యమే. ఇక బల్ల మీద గాజు గ్లాసులో పెట్టుకునే ‘లక్కీ బ్యాంబూ’ వెదురే కాదు, డ్రసీనా.

గింజకు నమ్మకమైన చోట్లు అటవీ పరిశోధనా సంస్థలు: డెహ్రాడూన్‌లోని ఎఫ్‌ఆర్‌ఐ, కేరళలో పీచీలోని కేఎఫ్‌ఆర్‌ఐ వంటివి, పూత పడిన ప్రాంతపు అటవీ శాఖ. అడవిలో రాలింది కదా అని రిజర్వు ఫారెస్టులోకి వెళ్లి ఏరుకురావడం కుదరదు. చట్టం మారింది అడవి బయటి వెదురుకే.

ఇంకా తేలనివి

మొదటిది, గడియారం ఏ జన్యువుల్లో ఉందన్నది. పూతకు సంబంధించిన జన్యువుల్ని గుర్తించారు కానీ, నలభై ఏళ్లు లెక్కపెట్టేది ఏమిటో పట్టుబడలేదు. అది తెలిస్తే ఆకు ముక్క పరీక్షించి పొద వయసు చెప్పొచ్చు, పిలకా గింజా తగువు సగం తీరిపోతుంది.

రెండోది, సాధనపు వెదురు విడిపూత. అలా ఒంటరిగా పూసిన పొద గింజ నుంచి వచ్చిన మొక్కలు కూడా తల్లిలాగే దారి తప్పి పూస్తాయా, లేక మూకుమ్మడి లెక్కలో కలుస్తాయా? మనకు సులువుగా దొరికే గింజ ఇలాంటిదే కాబట్టి ఇది పుస్తకాల ప్రశ్న కాదు. జవాబు కావాలంటే ఏ గింజ ఏ పొదది, ఏ ఏడాదిది అని రాసిపెట్టి రెండు తరాలు చూడాలి. డెహ్రాడూన్ లెక్కలు మనకు మిగిలింది అలా ఎవరో రాసిపెట్టడం వల్లే.

మూడోది గింజ పట్టడం. వెదురు పుప్పొడి గాలికి ఎగిరి చేరాలి. చుట్టూ పూసేవి లేనప్పుడు ఒంటరి పొదలో తాలు గింజలే ఎక్కువ ఉంటాయి. పెరటికొక పొద చొప్పున, ఏ ఏడాదివో తెలియని నాలుగు చోట్ల మొక్కలతో ఊళ్లు నిండుతున్న ఇప్పటి తీరులో, అవి పూసే నాటికి తిరిగి విత్తుకోవడానికి గింజ దొరుకుతుందా అన్నది సందేహమే. ఒకే విడత గింజను ఊరంతా పంచుకుని వేస్తే ఆ సందేహం తగ్గవచ్చు. అప్పుడు పొదలన్నీ ఒక్క ఏడే చచ్చిపోతాయన్నది దాని రెండో వైపు. ఈ రెండింట్లో ఏది మేలో అడవుల పెంపకందారుల్లో ఏకాభిప్రాయం లేదు. రెండు, మూడు విడతల గింజను కలిపి వేసి, ఏ వరస ఏ ఏడాదిదో గుర్తుపెట్టుకోమనడం ప్రస్తుతానికి అందరూ ఒప్పుకోగల మధ్యే మార్గం.